వెండి నాణెముల నలుపు – దాని వెనుక చరిత్ర

రజతమనగా వెండి. ఇరువదియైదేండ్లు నిండిన సంస్థకు రజతోత్సవము జరుపుట ఇటీవలి ఆచారమే యైనను, వెండి మన పల్లెలకు కొత్త వస్తువు కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పాత ఇండ్లలో, దేవుని పీటమీదనో, భోషాణము అడుగుననో, పాత గుడ్డలో చుట్టిన మూటలోనో నాలుగైదు వెండి రూపాయలు కానవచ్చుట నేటికిని కద్దు. శ్రావణ శుక్రవారమునాడు వరలక్ష్మీ వ్రతమునకును, దీపావళినాడు లక్ష్మీపూజకును వానిని వెలికి దీయుదురు. ఏడాదిపాటు మూలనుండి నల్లబడిన ఆ నాణెములను చింతపండుతోను, విభూతితోను, కచ్చికల బూడిదతోను తోమి, తళతళలాడునట్లు చేసి, పసుపు కుంకుమలుంచి పూజింతురు. పూజ ముగియగానే మరల మూట కట్టుదురు.

ఈ తోముడు వలన కలుగు లాభమెంత, నష్టమెంత, అది ఎచ్చట తగును, ఎచ్చట తగదు అను విషయమును చరిత్ర దృష్టితో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము. విషయము అల్పముగా తోచవచ్చును. కాని మన ప్రాంత చరిత్రకు ఆధారములైన వస్తువులలో సామాన్యుని ఇంట దొరకునది, శ్రద్ధాభక్తులతోనే ఏటేట కొంత కొంత అరగదీయబడుచున్నది ఈ వెండి నాణెమే. శాసనము చెక్కిన రాతిని ఎవ్వరును ఇటుకపొడితో రుద్దరు. తాటియాకు గ్రంథమును ఎవ్వరును పీచుతో తోమరు. నాణెమును మాత్రము తోముదుము. ఏలన, అది ధనమని ఎరుగుదుము గాని, అది వ్రాతయని ఎరుగము.

వెండి నల్లబడుట యేల?

బంగారము ఎంతకాలమైనను మారదు. ఇనుము తేమ తగిలినంతనే త్రుప్పు పట్టును. వెండి యీ రెంటికి నడుమ నున్నది. గాలిలోని ప్రాణవాయువు దానిని సామాన్యముగా ఏమియు చేయజాలదు. దానికి గిట్టనిది గంధకము. మురుగు గుంటలనుండియు, ఉప్పుకయ్యల అడుగునున్న నల్లని బురదనుండియు, బొగ్గుపొగనుండియు వెలువడు ఒక వాయువు కలదు. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన దానిదే. రసాయనశాస్త్రజ్ఞులు దానిని హైడ్రోజన్ సల్ఫైడు అందురు. గాలిలో అది లేశమాత్రముగా నున్నను చాలును. వెండి ఉపరితలముతో కలిసి సిల్వరు సల్ఫైడు అను పొరగా నేర్పడును. ఆ పొర మొదట లేత పసుపుగాను, పిదప గోధుమవన్నెగాను, చివరకు నల్లగాను కనబడును.

ఇచ్చట గమనింపవలసిన ముఖ్యాంశమొకటి కలదు. ఆ నల్లని పొర బరువులో నూటికి 87 పాళ్లు వెండియే. తక్కిన 13 పాళ్లే గంధకము. అనగా ఆ నలుపు బయటినుండి వచ్చి వెండికి అంటిన మురికి కాదు. రూపు మారిన వెండి. దానిని గీకి పారవేసినచో నాణెములోని భాగమునే గీకి పారవేసినట్లగును. మీదుమిక్కిలి, ఆ పొర పలుచగా, సమముగా పట్టి నిలిచినచోట లోపలి వెండికి కొంతవరకు మరుగై, కొత్త నలుపు త్వరగా వ్యాపింపకుండ చేయును.

నాణెములలో నుండునది శుద్ధమైన వెండి కాదు. మెత్తని లోహమగుటచే త్వరగా అరిగిపోవునని దానిలో రాగిని కలిపెదరు. కావున పాత నాణెముపై రెండవ రంగు కూడ కానవచ్చును. అది పచ్చని చిలుము. అది రాగివలన పుట్టినది. మూడవది బూడిదవన్నె గల మైనమువంటి పొర. ఉప్పు గల నేలలోగాని సముద్రపు నీటిలోగాని చాలకాలము పడియున్న వెండి ఉప్పులోని క్లోరినుతో కలిసి అట్లు మారును. నిజాంపట్నము మొదలు సూర్యలంకవరకు గల మన తీరమున భూగర్భజలము పలుచోట్ల ఉప్పు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమతోపాటు ఈ తీరగ్రామములను సముద్రము ముంచెత్తినప్పుడు ఇండ్లు, పెట్టెలు, వానిలోని వస్తువులు సైతము ఉప్పునీట నానినవి. అందుచే మన ప్రాంతపు నాణెములపై ఈ మూడు రంగులును కనబడుటలో వింతలేదు. మూడింటికి మూడు కారణములు. మూడింటికి ఒకే మందు పనికిరాదు.

మన సీమలో వెండి నాణెము

ఈ నేలపై వెండి నాణెము రెండువేల యేండ్లకు పైబడిన అతిథి. పాత గుంటూరు జిల్లాలోనిదై, నేడు పల్నాడు జిల్లాలో చేరిన అమరావతిలో ఏడువేలకు పైగా ముద్రాంకిత వెండి నాణెములుగల నిధి దొరకినది. శ్రీ పరమేశ్వరీలాల్ గుప్త దానిని పరిశీలించి వ్రాసిన గ్రంథమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 1963లో ప్రకటించిరి. ఈ నాణెములకు రాజుల పేర్లు లేవు, తేదీలు లేవు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, ముప్పదిరెండు గురివెంద గింజల ఎత్తునకు, అనగా ఇంచుమించు మూడున్నర గ్రాములకు సరిచేసి, ఒకవైపున సూర్యుడు, చక్రము, ఏనుగు, కొండ మున్నగు ఐదు గుర్తులు గ్రుద్దెడివారు. రెండవ వైపున చేతులు మారినకొలది పరీక్షకులు వేసిన చిన్న చిన్న గుర్తులుండును. ఈ గుర్తులే వాని భాష.

రేపల్లె దారిలోని భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండరు రే త్రవ్వించినప్పుడు రాతి పేటికలు, వానిపై అతిప్రాచీనమైన బ్రాహ్మీ వ్రాతలు బయల్పడినవి. ధాతువులను దాచిన భరిణెలలో వెండి భరిణె యుండెను. క్రీస్తుకు పూర్వమే మన దీవులలోను లంకలలోను వెండి పవిత్రవస్తువుగా మన్ననపొందెననుటకు ఇది తార్కాణము.

పిదప శాతవాహనులు సీసముతోను రాగితోను నాణెములు విరివిగా వేసిరి గాని, వారి వెండి నాణెములు కొలదిగా నున్నవి. వానిపై రాజు ముఖము చెక్కబడియుండును. ఒకవైపు ప్రాకృతమునను, రెండవవైపు ద్రావిడభాషా ఛాయలు గల మాటలలోను రాజు పేరుండును. ఆ రెండవ భాష తెలుగునకు దగ్గరదా తమిళమునకు దగ్గరదా యని పండితులు వాదించుచున్నారు. ఇట్టి నాణెములు వేయించిన యజ్ఞశ్రీ శాతకర్ణి శాసనము, అతని ఇరువదియేడవ రాజ్యసంవత్సరమునాటిది, పూర్వము బాపట్ల తాలూకాలో నుండిన చినగంజాములో దొరకినది. మన భాషాచరిత్రలో ఒక పెద్ద ప్రశ్న ఆ చిన్న వెండి బిళ్ల అంచున గల నాలుగైదు అక్షరముల మీద ఆధారపడియున్నదని గ్రహింపవలెను.

మధ్యయుగమున మన దేశములో బంగారమే ప్రధానమయ్యెను. చందవోలు రాజధానిగా వెలనాటి చోడులేలినప్పుడును, తరువాత కాకతీయుల నాడును, విజయనగర రాయల నాడును లెక్కలు మాడలలోను, గద్యాణములలోను, వరాహలలోను జరిగెను. వెండి మరల వెల్లువగా వచ్చినది సముద్రమార్గమున. ఐరోపా వర్తకులు పెటపోలి యని వ్రాసిన మన నిజాంపట్నమున డచ్చివారు 1606లోను, ఇంగ్లీషువారి గ్లోబు అను ఓడ 1611లోను దిగిరి. మన నేతగాండ్ర బట్టలకు బదులుగా ఇచ్చుటకు వారియొద్ద ఇతర సరుకు అంతగా లేదు. అమెరికా ఖండమునందలి స్పెయినువారి గనులలో త్రవ్విన వెండిని వారు తెచ్చిరి. 1687లో గోల్కొండ మొగలాయీల వశమైన పిమ్మట రూపాయి మన సీమలో బలపడెను. గుంటూరు సర్కారు 1788లో కుంపిణీవారి చేతికి వచ్చెను.

1807–1812 సంవత్సరముల నడుమ చెన్నపట్టణపు టంకసాలలో ఒక విచిత్రమైన వెండి నాణెము వేసిరి. దాని పేరు అర వరాహ. బరువు ఇంచుమించు 21 గ్రాములు. ఒకవైపున దేవాలయ గోపురము, చుట్టును నక్షత్రములు. ఆ వైపు వ్రాత ఇంగ్లీషులోను పారశీకములోను నున్నది. రెండవవైపున విష్ణుమూర్తి; ఆ వైపు వ్రాత తమిళములోను తెలుగులోను నున్నది. తెలుగు లిపి గల ఆ వెండి బిళ్లలలో అనేకము స్పెయినువారి డాలర్లనే మరల అచ్చువేసి చేసినవి. శ్రద్ధగా చూచినచో గోపురము క్రింద ఆ పాత అచ్చు ఛాయలు కొన్నింటిపై నేటికిని కనబడును. ఒక్క బిళ్లమీద అమెరికా గని, స్పెయిను రాజు, చెన్నపట్టణపు టంకసాల, తెలుగు లిపి అన్నియు ఉన్నవి. ఆ ఛాయ లేశమంత యెత్తు; బూడిదతో పది పర్యాయములు తోమిన నిలువదు.

1818లో చెన్నరాజధానియందు వెండి రూపాయియే ప్రమాణమయ్యెను. పాత వరాహకు మూడున్నర రూపాయల లెక్క కట్టిరి. 1835లో కుంపిణీ ఏలుబడి యంతటికిని ఒకే రూపాయి ఏర్పడెను. 180 గ్రెయినుల ఎత్తు, అనగా 11.66 గ్రాములు, పండ్రెండు పాళ్లలో పదునొకండు వెండి, ఒకటి రాగి. మన యిండ్లలో దొరకు విక్టోరియా రాణి, ఏడవ ఎడ్వర్డు, ఐదవ జార్జి రూపాయలు ఈ కొలతవే. ఈ ఎత్తే తులము. మూడు తులములు ఒక పలము; నలువది పలములు ఒక వీశె. మెట్రిక్ కొలతలు వచ్చువరకు అంగడిలో రూపాయి నాణెమే చిన్న తూనికరాయిగా కూడ నడచెను.

1832–33 నాటి డొక్కల కరువులో నలిగిన ఈ సీమకు, 1852–55 సంవత్సరములలో బెజవాడయొద్ద కెప్టెన్ ఆర్ కట్టిన ఆనకట్ట ప్రాణము పోసెను. పశ్చిమ డెల్టా కాలువలు పారి తెనాలి, రేపల్లె, బాపట్ల తాలూకాలు మాగాణులయ్యెను. 1916లో తెనాలి–రేపల్లె రైలుదారి పడినది. ధాన్యము పోయినకొలది రూపాయలు వచ్చెను. కొన్ని శిస్తుగా తిరిగి పోయెను. కొన్ని కొక్కెములు అతికించుకొని ఆడుబిడ్డల మెడలకెక్కెను. కొన్ని లంకెబిందెలలో దాగెను. 1921–22లో బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున చెల్లింపమని భీష్మించిన శిస్తు ఈ రూపాయల లెక్కలోనిదే.

ప్రపంచ వృత్తాంతము కూడ ఆ బిళ్లపై వ్రాయబడినది. 1893వరకు ఎవరైనను వెండిని టంకసాలకు తీసికొనిపోయి రూపాయలు వేయించుకొనవచ్చును. ఆ యేట ఆ వాడుక మూతపడెను. మొదటి ప్రపంచయుద్ధములో వెండి ధర పెరుగగా 1917లో నాణెములు కరగించుటను నిషేధించి, ఆ నవంబరులోనే ఒక రూపాయి కాగితపు నోటును ప్రవేశపెట్టిరి. రెండవ యుద్ధకాలమున, 1940లో, రూపాయిలో వెండిని సగమునకు దించి, తక్కిన సగము రాగి, నికెలు, తుత్తునాగములతో నింపిరి. 1947 నాటికి వెండియే పోయి నికెలు రూపాయి వచ్చెను. 1957 ఏప్రిలు 1న అణాలు, కానులు పోయి నయాపైసలు వచ్చెను. మూటలోని నాణెముల తేదీలను వరుసగా చదివినచో ఆ యింటివారి పంటలు, పొదుపులు, లేమి ఏ యేట ఎట్లుండెనో కొంతకు కొంత తెలియును. తేదీ అరిగిన పిదప ఆ కథను చెప్పువారుండరు.

తోమినప్పుడు పోవునది

ఇక మన యిండ్లలోని పద్ధతులను పరిశీలింతము. చింతపండులోను నిమ్మకాయలోను నుండు ఆమ్లములు రాగి చిలుమును కరగించును. అందుచేతనే ఇత్తడి చెంబును, రాగి బిందెను చింతపండు నిమిషములో మెరిపించును. కాని వెండి నలుపును ఆ ఆమ్లము కరగింపజాలదు. వెండిపై చింతపండు పనిచేసినట్లు కనబడుట దాని వెంటనున్న పీచు, బూడిద, వ్రేళ్ల బలము వలననే. అనగా నలుపు కరగిపోవుట లేదు, గీకివేయబడుచున్నది.

గీకునది ఎంత గట్టిదో చూడుడు. ఖనిజముల కాఠిన్యమును ఒకటి మొదలు పది వరకు లెక్కింతురు. వెండి కాఠిన్యము రెండున్నరకు మూడింటికి నడుమ. ఇటుకపొడిలోను, బూడిదలోను నుండు ఇసుక రేణువుల కాఠిన్యము ఏడు. విభూతి మెత్తగా తోచినను దానిలోను అట్టి రేణువులుండును. పండ్లపొడులలో సుద్ద మొదలగు రాపిడి వస్తువులుండును. నల్లని పొర సాధారణముగా తలవెండ్రుక మందములో నూరవ వంతునకును తక్కువ. అంత పలుచని పొరను తీయుటకు అంత గట్టి రేణువులను వాడినచో అవి పొరతో ఆగవు. ఎత్తుగా నున్న భాగములను ముందుగా తినివేయును. రాణి కేశపాశము, రాజు గడ్డము, కిరీటముమీది సన్నని పని, తేదీలోని అంకెలు ముందుగా పోవునవి.

పోవు వివరములు అల్పమైనవి కావు. ఐదవ జార్జి రూపాయిపై అడుగున ఒక చిన్న చుక్క యున్నచో అది బొంబాయి టంకసాలది, లేనిచో కలకత్తాది. 1911లో వేసిన రూపాయిమీద రాజు వస్త్రముపైనున్న ఏనుగు పందివలె నున్నదని జనులు ఆక్షేపింపగా దానిని ఆపి, మరుసటి యేట ఏనుగు రూపు సవరించి వేసిరి. ఆ భేదము గింజంత చోటులో నున్నది. షరాబులు పరీక్షించి వేసిన ముద్రలు, కొక్కెము అతికించిన గుర్తులు సైతము చరిత్రయే. వానిని కళంకములని తలచి నునుపు చేయుట ఒక పుటను చించుట.

అక్షరములు పోక బరువు మాత్రము తగ్గినను నష్టమే. గణితశాస్త్రజ్ఞుడు దామోదర ధర్మానంద కోశాంబి వేలకొలది ముద్రాంకిత నాణెములను సున్నితపు త్రాసులో తూచెను. నాణెము చేతులు మారినకొలది అరుగును గదా. ఎంత అరిగినదో లెక్కించి, ఏ గుర్తుల నాణెము ముందుది, ఏది వెనుకది యని వరుస నిర్ణయించుటకు ఆయన ప్రయత్నించెను. తన కాలపు చెలామణి నాణెములను సైతము తూచి ఆ లెక్కను సరిచూచుకొనెను. రాజు పేరు లేని నాణెమునకు బరువే సాక్ష్యము. అట్టి సాక్షిని బూడిదతో తోమినచో అది అబద్ధము చెప్పును. ప్రజల చేతులలో రెండువందల యేండ్లు తిరిగి అరిగినదో, ఒక ఉదయమున పీచుతో అరిగినదో త్రాసునకు తెలియదు.

కంసాలులు కొత్త వస్తువులను కాల్చి, చింతపండు నీటనో పలుచని గంధకామ్లముననో ఉడికించి తెల్లబరతురు. పైనున్న రాగి కరగి, తేటవెండి మిగులును. గిన్నెలకు, పట్టీలకు అది తగిన పద్ధతియే. నాణెమును నిప్పులో పెట్టుట మాత్రము తగదు. అంగడిలో దొరకు వెండి ద్రావకములలో థయోయూరియా అను ద్రవ్యమును ఆమ్లమును ఉండును. ముంచిన క్షణములో నలుపు పోవును. కాని దానితో వెండియు పోవును, ఉపరితలము కాంతిలేక పాలిపోవును.

మరియొక ఉపాయము నేడు ఇండ్లలో వ్యాపించుచున్నది. అల్యూమినియము రేకుపై నాణెము తగులునట్లుంచి, వేడినీట చాకలిసోడా గాని తినుసోడా గాని కలిపి పోయుదురు. గంధకము వెండిని విడిచి అల్యూమినియమును చేరును. అప్పుడు కుళ్లిన గ్రుడ్డు వాసన కొంచెము వచ్చును. ఇందు రాపిడి లేదు. నలుపులోని వెండి చాలవరకు నాణెముపైనే నిలుచును. కనుక బూడిదకంటె ఇది మేలు. అయినను తిరిగి నిలిచిన వెండి మొదటివలె గట్టిగా, నునుపుగా నుండక, గుల్లగా, మసకగా నుండి త్వరలోనే మరల నల్లబడును. పూజలో వాడు కొత్త లక్ష్మీబిళ్లలకు, పళ్లెములకు ఇది చాలును. పాత నాణెమునకు ఇదియు వలదు.

మరి ఏమి చేయవలెను?

మొదట నాణెమును చదువవలెను, తరువాతనే కడుగుట. ఉదయపు ఏటవాలు వెలుతురులో ఉంచి భూతద్దముతో రెండు వైపులను అంచును చూడవలెను. ఛాయాచిత్రము తీయవలెను. తూచవలెను. ఆ నాణెము ఎవరి మూటలోనిది, ఎట్లు వచ్చినది అను సంగతి పెద్దలను అడిగి వ్రాసికొనవలెను. నాణెమునంటియున్న సంగతులలో ముందుగా నశించునది ఈ చివరిదే.

కడుగుట అవసరమైనచో, అనగా మట్టియో, నూనెయో, పసుపు కుంకుమయో పట్టియున్నచో, స్వచ్ఛమైన నీరే మొదటి మందు. మన తీరమున బోరు నీరు ఉప్పగా నుండును, అది పనికిరాదు. వాననీరు గాని, బ్యాటరీలలో పోయు పరిశుద్ధజలము గాని గాజు గిన్నెలో పోసి, నాణెమును ఒక దినము నాననిచ్చి, నీరు మార్చుచుండవలెను. జిడ్డు వదలనిచో కుంకుడుకాయ పలుచని నురుగులో కొంతసేపుంచి, మరల మంచినీట కడుగవలెను. కుంచె, పీచు, గరుకు గుడ్డ తాకింపరాదు. నూలుగుడ్డపై ఉంచి, అద్దుటయే గాని రుద్దరాదు. నీడలో బాగుగ ఆరవలెను. నలుపు మిగిలినచో మిగులనిండు. అక్షరముల నడుమ నిలిచిన నలుపు వెండిపై అక్షరమును ఎత్తి చూపును. చదువరికి అది సిరా వంటిది.

పూజకు తెల్లని వెండియే కావలెనను వారు కొత్త బిళ్లను తోముకొనవచ్చును. పాత రూపాయిని అట్లే పీటపై నుంచవచ్చును. లక్ష్మీదేవికి కావలసినది శుచి. అది నీటితో సిద్ధించును.

దాచుటలో శ్రద్ధ వహించినచో కడుగవలసిన పనియే తగ్గును. నాణెములను రబ్బరు పట్టీతో కట్టరాదు. రబ్బరులోని గంధకము పట్టీ మేర నల్లని చార వేయును. ఉన్నిగుడ్డలో చుట్టరాదు, ఉన్నిలోను గంధకమున్నది. వార్తాపత్రిక కాగితము, అగ్గిపెట్టె, మెత్తని పి.వి.సి. సంచులు పనికిరావు. ఉతికి ఆరిన పాత నూలుగుడ్డలో ఒక్కొక్క నాణెమును విడిగా చుట్టి, తేమ చొరని డబ్బాలో, మందుసీసాలలో వచ్చు తేమను పీల్చు పొట్లముతోకూడ ఉంచవలెను. పట్టుకొనునప్పుడు ముఖములను తాకక అంచులను పట్టవలెను. చెమటలోని ఉప్పు వ్రేలిముద్రను శాశ్వతము చేయును.

భూమిలో దొరికిన నాణెములు

ఇంటి మూటలోనిది ఒక మాట. దుక్కిలోనో, పునాదిలోనో, చెరువు పూడికలోనో దొరకినది వేరొక మాట. వానిని కడుగనే కూడదు. ఉప్పు నేలలో మారిన వెండి పైకి గట్టిగా కనబడుచు లోన పెళుసై యుండవచ్చును. రుద్దినచో అక్షరము పొరతోకూడ ఊడివచ్చును. ఒకదానికొకటి అతుక్కొన్న నాణెములను విడదీయరాదు. ఆ ముద్దలో ఏది ఏ స్థానమున నున్నదో అదియు సాక్ష్యమే. ఈ పనికి తగిన శాలలున్నవి. చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో 1930లోనే డాక్టరు పరమశివన్ ఆధ్వర్యమున లోహవస్తువులను విద్యుత్తుతోను రసాయనములతోను బాగుచేయు ప్రయోగశాల వెలసెను. అచ్చట సైతము ముందు పరీక్ష, పిదపనే చికిత్స.

చట్టమును ఎరుగుట మేలు. 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దాగి దొరకిన పది రూపాయలకు మించిన విలువ గల వస్తువును గురించి కలెక్టరుకు తెలుపవలెను. తెలిపినవాడు నష్టపోవునను భయము తగదు. దాచినవాని వారసులు తేలనిచో, వేరు ఒప్పందము లేనప్పుడు, దొరకించుకొన్నవానికి మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు చెందునని ఆ చట్టమే చెప్పుచున్నది. ప్రభుత్వము తనకై తీసికొనదలచినచో లోహపు విలువకు అయిదవ వంతు కలిపి చెల్లింపవలెను. తెలుపక దాచుట నేరము. నూరేండ్లు నిండిన నాణెము 1972 నాటి చట్టముచే పురావస్తువగును. ప్రభుత్వపు అనుమతి లేక దేశము దాటింపరాదు.

భయముచేతనో ఆశచేతనో రాత్రికి రాత్రి కరగించిన నిధులవలన ఊరికి మిగిలినది లేదు. కరగిన వెండికి తులము ధరయే కలదు. కరగక పుస్తకమునకెక్కినదానికి ఊరి పేరు కలదు, అమరావతి నిధివలె.

గ్రంథాలయము చేయదగిన పని

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి మన గ్రంథాలయములు పుస్తకములు ఎరువిచ్చు చోట్లు మాత్రమే కాక, ఊరి జ్ఞాపకమును దాచు చోట్లుగా పెరిగినవి. ఒకప్పుడు బాపట్ల తాలూకాలోనిదైన వేటపాలెమున 1918లో పుట్టిన సారస్వత నికేతనము పాత వార్తాపత్రికలను భద్రపరచి పరిశోధకులను దూరదేశములనుండి రప్పించుకొనుచున్నది. నిన్నటి కాగితము ఎల్లుండి చరిత్ర యగునని వారెరిగిరి.

అట్లే ప్రతి పల్లె గ్రంథాలయమున ఒక నాణెముల పుస్తకము ఉండవచ్చును. నాణెములను గ్రంథాలయము తీసికొననక్కరలేదు. వెండిని కాపాడు భారము గ్రంథాలయమునకు వలదు. ఎవరి నాణెము వారియింటనే యుండనిండు. పుస్తకములో మాత్రము వరుస సంఖ్య, రెండు వైపుల ఛాయాచిత్రములు, బరువు, తేదీ, కనబడిన అక్షరములు, పరీక్షకుల ముద్రలు, కొక్కెపు గుర్తులు, ఆ యింటికి వచ్చిన విధము అను గడులుండవలెను. యజమాని కోరినచో పేరు వ్రాయక, నాణెము వృత్తాంతము మాత్రమే వ్రాసినను చాలును. ఉన్నత పాఠశాల విద్యార్థులు సెలవులలో ఇంటింటికి పోయి, అమ్మమ్మలను తాతయ్యలను అడిగి దీనిని నింపగలరు. కావలసినవి ఒక చిన్న త్రాసు, ఒక భూతద్దము, ఒక నోటుపుస్తకము.

రానున్న శ్రావణమునకు ముందే, మూటలు విప్పు వేళకు ముందే, ఈ పని మొదలిడుట యుక్తము. ఒక పర్యాయము తోమిన నాణెము నలుపును మరల తెచ్చుకొనును గాని, పోయిన అక్షరమును తెచ్చుకొనజాలదు.